ర్యాంపు ఎక్కిన తలగుడ్డ

శ్రామికుల దుస్తులకు మెరుగులు దిద్ది కొత్త సీజన్‌కు అమ్మడం ఫ్యాషన్ ప్రపంచానికి పాత అలవాటే. 1873లో లెవీ స్ట్రాస్, జేకబ్ డేవిస్ పేటెంటు పొందిన రివెట్ల ప్యాంటు మొదట కూలీల కోసం పుట్టింది. డంగరీ అన్న మాటకు మూలం బొంబాయి డోంగ్రీలో దొరికిన ముతక నూలు గుడ్డ. పాశ్చాత్య దేశాల్లో జాతి వివక్ష లేదని కాదు గానీ, ఆ ప్యాంటు నేడు ప్రధానంగా శ్రమనే గుర్తుచేస్తుంది. మన దగ్గర ఎవరు ఏ గుడ్డ ఎంతవరకు కట్టాలో పుట్టుకే నిర్ణయించింది.

తేలియా రుమాలునే చూడండి. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీటిలోనూ పలుమార్లు నానబెట్టి, ఆరబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో నేసిన చదరపు గుడ్డ అది. చీరాలలో, నల్లగొండ ప్రాంతపు పుట్టపాకలో పద్మశాలీలు నేశారు. అరబ్బు దేశాలకూ వెళ్లింది. ఇక్కడ జాలర్లు, పశువుల కాపరులు, కూలీలు తలకు చుట్టుకున్నారు, నడుముకు కట్టుకున్నారు. నూనె పట్టిన నూలు ఎండలో చల్లదనమిస్తుంది. 2020లో పుట్టపాక రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇప్పుడు ఆ నమూనాలు చీరల మీదికీ, దుపట్టాల మీదికీ ఎక్కాయి. చుట్టుకునేవారు తగ్గాక ఈ నేతను బతికించింది చీరే కనుక, దాన్ని తప్పుపట్టడం అన్యాయం.

అయితే నేసిన చేతికి దక్కిన పేరు, చుట్టుకున్న తలకు దక్కలేదు. దొర ఎదురైతే తలగుడ్డ తీసి నడుముకు కట్టుకోవలసిన రోజులు తెలంగాణ పల్లెలకు మరీ పాతవి కావు. దళితులు కూలి గుడ్డను వదిలి ఇస్త్రీ చొక్కా తొడిగింది ఫ్యాషన్ కోసం కాదు, ఆత్మగౌరవం కోసం. అంబేడ్కర్ సూటుకు ఇంతటి విలువ అందుకే. అదే ముతక గుడ్డ సంపన్నుడి కొడుకు వేస్తే అభిరుచి అంటారు. కూలీ కొడుకు వేస్తే కూలీ అనే అంటారు.

2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా ప్రదర్శించిన చెప్పులు కొల్హాపురీలను పోలి ఉన్నాయి. మొదట వాటి మూలం ప్రస్తావించలేదు. విమర్శలు వచ్చాకే ఆ సంస్థ భారతీయ చేతిపనికి రుణపడ్డామని ఒప్పుకున్నది. తోలు ముట్టినందుకే ఊరి బయట ఉంచిన చర్మకారుల పని అది. కొల్హాపురీకి 2019లోనే భౌగోళిక గుర్తింపు ఉన్నా, 1999 నాటి చట్టం కాపాడేది పేరునే తప్ప ఆకృతిని కాదు. పేరు చెప్పకుండా నమూనా తీసుకున్నవాడిని ఆ చట్టం పట్టుకోలేదు. అంటే మౌనమే లాభసాటి.

కనుక చట్టాన్ని ఆకృతి వరకు విస్తరించాలి. నేత సంఘాలతో, చర్మకార సంఘాలతో ముందుగా రాతపూర్వక ఒప్పందం లేని సేకరణలకు ప్రభుత్వ ప్రదర్శనల్లో స్టాలు ఇవ్వకూడదు. ఫ్యాషన్ విద్యాసంస్థల్లో అద్దకం నేర్పే తరగతిలోనే, ఆ గుడ్డను తల మీద నుంచి విప్పించిన చరిత్రనూ చెప్పాలి.