రంపం మిషను కొనే ముందు ఒక్క మాట

తుపాను వెళ్లిన మర్నాడు ఉద్దానంలో ముందుగా వినిపించేది రంపం మిషను మోత. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ మన కొబ్బరినీ జీడినీ ఎట్లా నేలకూల్చిందో మీకు చెప్పనక్కర్లేదు. అలాంటి రోజుల్లో మిషను ఉన్నవాడు చెప్పిందే రేటు, వచ్చిందే వేళ. అందుకే "మనకూ ఒకటుంటే బాగుణ్ణు" అని చాలామంది అనుకుంటారు. ఆ కోరిక తప్పు కాదు. కాని ఎకరం, రెండెకరాల రైతు అప్పు చేసి ఒంటరిగా కొనడం మాత్రం తప్పని నా అభిప్రాయం.

ఎందుకంటారా? మన తోటలో దానికి ఏడాదికి నాలుగైదు రోజులు పని ఉంటే గొప్ప. మిగతా రోజులన్నీ మూల పడి ఉంటుంది. లోపల మిగిలిన పెట్రోలు ఎండి జిగురై కార్బురేటరును మూసేస్తుంది. తీరా తుపాను వచ్చిన రోజున తాడు ఎంత లాగినా స్టార్టు కాదు. అదే అయిదారుగురు కలిసి కొంటే ఖర్చు తగ్గుతుంది, మిషనుకు పని దొరుకుతుంది. అయితే పదిమంది చేయి పడిన వస్తువు ఎవరిదీ కాకుండా పోతుంది కదా! కాబట్టి నడపడానికీ, చూసుకోవడానికీ ఒక్కరినే పెట్టుకోండి. ఆ మనిషికి పనిరోజుకు ఇంత అని కూలి కట్టండి.

దుకాణంలో ముందు గుర్రపు శక్తి అడగవద్దు. అడుగు మందం కొబ్బరి మానుకు 16 నుంచి 18 అంగుళాల బార్ చాలు. పెద్ద బార్ అంటే బరువు ఎక్కువ, అలుపు ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే. అడగవలసినవి మూడు. గొలుసు, బార్, ఎయిర్ ఫిల్టరు మన ఊరికి దగ్గరి పట్టణంలో దొరుకుతాయా? చెడితే బాగుచేసేది ఎవరు? చెయిన్ బ్రేకు ఉందా, పనిచేయించి చూపిస్తారా? ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే ఎంత చౌకైనా వదిలేయండి. హెల్మెట్టు, కళ్లద్దాలు, గట్టి బూట్ల ఖర్చు కూడా మిషను ధరలోనే కలిపి లెక్క వేసుకోండి.

ఇక సంరక్షణ. ఇది టూ స్ట్రోకు ఇంజను. ఉత్త పెట్రోలు పోస్తే పిస్టను పట్టేస్తుంది. 2టీ ఆయిలు ఎంత కలపాలో మిషనుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. 50కి 1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని ఉంటే 40. కంటి అంచనా పనికిరాదు. గొలుసుకు పోసే ఆయిలు వేరు. అది అయిపోయాక కోస్తే బార్ కాలిపోతుంది.

గొలుసు పదును తెలుసుకోవడం తేలిక. కోస్తున్నప్పుడు చిన్న చిన్న పేళ్లు రాలితే పదును ఉన్నట్టు. పిండిలా పొట్టు రాలితే మొద్దుబారినట్టే. అప్పుడు బలంగా నొక్కవద్దు, ఆపి ఆకురాయి పట్టండి. గొలుసు సైజుకు సరిపడే గుండ్రటి ఆకురాయితో ప్రతి పంటికీ ఒకే లెక్కన రాయాలి. కొబ్బరి మాను బయటి భాగం గట్టి, పదును త్వరగా పోతుంది. ఇసుక నేలలో పడిన మానును కోసేటప్పుడు గొలుసు నేలకు తగిలితే పదును అక్కడికక్కడే పోతుంది. మాను కింద దుంగ పెట్టి లేపుకోండి. పని కాగానే ఫిల్టరు దులపండి. నెలల తరబడి పక్కన పెట్టేటట్లయితే పెట్రోలు తీసేసి, ఆగిపోయేదాకా నడిపి ఉంచండి.

అన్నిటికన్నా ముఖ్యం ప్రాణం. బార్ కొస పైభాగం దేనికైనా తగిలితే మిషను ఒక్కసారిగా ముఖం మీదికి లేస్తుంది. అందుకే కొసతో కోయవద్దు, భుజం కన్నా పైకి ఎత్తవద్దు, నిచ్చెన ఎక్కి కోయవద్దు. వేళ్లతో సహా ఒరిగిన చెట్టును కోస్తే మొదలు తిరిగి లేచి నిలబడవచ్చు. ఆ గుంటలోకి పిల్లల్ని, పశువుల్ని పోనివ్వకండి. కరెంటు తీగ మీద పడిన చెట్టు మన పని కాదు, లైన్‌మన్ వచ్చేదాకా ఆగండి. ఒంటరిగా తోటలోకి వెళ్లి కోయనే వద్దు.

కోసిన తరువాత సంగతేమిటి? తోటలోనే కుళ్లే కొబ్బరి మానుల్లో కొమ్ము పురుగు గుడ్లు పెట్టి, బతికిన చెట్ల మొవ్వును తినేస్తుంది. పడిన చెట్టు నష్టం ఒకసారి, ఈ పురుగు నష్టం ఏళ్ల తరబడి. మానుల్ని కలపకో వంటచెరకుకో తరలించేయండి. మట్టలు, జీడి కొమ్మలు తగలబెట్టకుండా చిప్పరులో వేస్తే చెట్ల పాదులకు మంచి కప్పు. కొబ్బరి ఆకుతో వానపాముల ఎరువు చేసే పద్ధతిని కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ ఎప్పుడో రూపొందించింది. అయితే ఎరువు కుప్పలోనూ కొమ్ము పురుగు చేరుతుంది. అప్పుడప్పుడు తిరగేసి, పిల్ల పురుగుల్ని ఏరేయాలి.

ట్రాక్టరుతో నడిచే చిప్పరును మాత్రం చిన్న రైతు కొనవద్దు, అద్దెకే తెచ్చుకోవాలి. లుంగీ, తువ్వాలు, చీరకొంగు దాని దగ్గర పనికిరావు. కొమ్మ ఇరుక్కుంటే ట్రాక్టరు ఆపాకే చేయి పెట్టాలి.

దున్నే యంత్రాలు అద్దెకిచ్చే చోట తోట రైతుకు చిప్పరు కూడా ఉండాలని మనం గట్టిగా అడగాలి. తుపాను వచ్చాక అడిగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. మన తీరానికి అక్టోబరు ఏటా వస్తుంది. ఈ వేసవిలోనే నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి.