పాటలో సాహిత్యమేదీ?

హైస్కూల్ రోజుల్లో యర్రగొండపాలెంలో వెంగాబాయ్స్ క్యాసెట్ అరిగేదాకా విన్నాను. హైదరాబాదొచ్చి నాలుగు పుస్తకాలు చదివాక ఆ సంగతి దాచేశాను. మొన్న మళ్లీ విన్నా. దాచినందుకే సిగ్గేసింది.

మన విమర్శకులకి పాటంటే సాహిత్యమే. బీటు, సింథసైజరు లెక్కలోకి రావు. ‘అర్థంలేని గోల’ అని తేల్చేస్తారు.

మరి 2019 మేలో వియన్నాలో జరిగిందేంటి? ఇబిజా దీవిలో తీసిన రహస్య వీడియో బయటపడి ఆస్ట్రియా వైస్ ఛాన్సలర్ దిగిపోయాడు. నిరసనకారులు ఎత్తుకున్నది ఈ బ్యాండ్ 1999లో చేసిన ఇబిజా పాటనే. బ్యాండే వచ్చి వాళ్ల మధ్య పాడింది. ఆ పాటలో రాజకీయం ముక్క లేదు, సరదాగా దీవికి పోదామనడం తప్ప. అర్థం జనం పెట్టుకున్నారు, బీటు వాళ్లని కలిపి నిలబెట్టింది.

పదాలొక్కటే తూచే త్రాసులో ఇదెక్కడ తూగుతుంది? ఇంగ్లీషు ముక్క అర్థంకాకుండానే ఎగిరిన మా ఊరి పిల్లలమే ఆ పాటని సరిగ్గా విన్నాం.