చెట్టుకూ రాత్రి కావాలి

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు రాత్రిపూట కూడా మగ్గాల చప్పుడు ఆగదు. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ పద్మశాలీలు ఎందరో ఆ పవర్‌లూమ్ షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టులు చేస్తుంటారు. రాత్రి షిఫ్టు దిగినవాడికి పగటి నిద్ర ఒంటికి పట్టదని ఆ ఇళ్లలో ఎవరినడిగినా చెబుతారు. షెడ్డు బయట వీధి దీపం కింద నిలబడ్డ చెట్టు సంగతే ఎవరికీ పట్టదు.

రోడ్ల పక్కన నీడ కోసం పెంచే నిద్రగన్నేరును ఒక సాయంత్రం దగ్గరగా చూడండి. పొద్దు వాలుతుంటే చిట్టి ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుంటాయి. ఆకు మొదట్లో చిన్న ఉబ్బు ఒకటుంది. అందులో ఒకవైపు కణాల్లోంచి పొటాషియం తరలిపోతుంది, దాని వెంట నీరూ పోతుంది. బిగువు మారేసరికి ఆకు వంగుతుంది. వెలుతురు పోయింది కనుక ముడుచుకుందనుకుంటాం. అంతే కాదు. చీకట్లో పెట్టినా అత్తిపత్తి జాతి మొక్క వేళకు ఆకులు విప్పుతుందని ఫ్రాన్స్‌లో దె మెరాన్ అనే శాస్త్రవేత్త 1729లోనే గమనించాడు. గడియారం మొక్క లోపలే ఉంది. దాన్ని రోజూ సరిచేసేది మాత్రం వెలుతురు.

ఏ రంగు వెలుతురు? అమెరికాలో రూత్ శాటర్, ఆర్థర్ గాల్‌స్టన్ అనే శాస్త్రవేత్తలు 1970లలో సరిగ్గా ఈ నిద్రగన్నేరునే పట్టుకున్నారు. ఆ ఉబ్బును కోసి చీకట్లో ఉంచినా అది వంగుతూ లేస్తూనే ఉంది. కాసేపు ఎర్ర కాంతి సోకితే దాని వేళలు జరిగాయి. నీలి కాంతీ జరుపుతుందని తర్వాత తేలింది. 1998లో సోమర్స్, డెవ్లిన్, కే అనే పరిశోధకులు అరబిడాప్సిస్ అనే ఆవాల కుటుంబపు చిన్న మొక్కకు మిణుగురు జన్యువును జోడించి, అది మినుకుమనే తీరును బట్టి గడియారాన్ని చదివారు. మొక్కలో ఎరుపును ఫైటోక్రోములు, నీలాన్ని క్రిప్టోక్రోమ్ అనే ప్రొటీన్లు అందుకుంటాయి. అవి లోపించిన మొక్కల్లో ఆయా రంగుల కింద గడియారం నెమ్మదించింది.

హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ, 2015 నుంచి జాతీయ పథకం కింద మరెన్నో పట్టణాలు పాత వీధి దీపాలు తీసి ఎల్‌ఈడీలు పెట్టుకున్నాయి. కరెంటు బిల్లు తగ్గింది, సంతోషం. రంగు లెక్కే ఎవరూ వేసినట్టు లేదు. తెల్ల ఎల్‌ఈడీలో నీలం పాలు ఎక్కువని, పసుపు ఛాయవి పెడితే మేలని ఇప్పుడు అంటున్నారు. మనిషి నిద్రకు, పురుగూ పుట్రకూ మేలే. చెట్టుకు మాత్రం సగం మేలు. ఆ పసుపు ఛాయలో ఉండే ఎరుపు కూడా దానికి పగలే కదా! చామంతి మొగ్గ తొడగడాన్ని వెనక్కి జరపడానికి రాత్రి తోటలో బల్బులు వెలిగించే రైతులున్నారు. ఆ పనికి ఎర్ర వెలుగే బాగా పనికొస్తుంది.

కాబట్టి రంగు మార్చి చేతులు దులుపుకుంటే చాలదు. షిఫ్టు దిగి నడిచి వెళ్లే మనిషికి దారి కనబడాలి, అందులో రాజీ లేదు. కానీ కొమ్మల్లోకి పోయే వెలుతురు ఎవరికీ పనికిరాదు, శుద్ధ దండగ. దీపానికి పైన మూత, చెట్లున్న చోట అర్ధరాత్రి దాటాక కాంతి తగ్గించే ఏర్పాటు టెండరులోనే అడగాలి. ఇక మన వంతు: పెళ్లికో పండక్కో చెట్టుకు చుట్టే సీరియల్ బల్బులను పడుకునే ముందు ఆపేయండి.