కూలి పుస్తకమే సాక్ష్యము

మన యానాం నేతగాడు నూలుకైనను, బట్ట అమ్ముకొనుటకైనను 216వ జాతీయ రహదారి ఎక్కక తప్పదు. 2023 మే నెలలో ఆ దారిమీదనే, మన పొరుగుననున్న తాళ్ళరేవు బైపాస్ వద్ద, ప్రైవేటు బస్సు, ఆటో ఢీకొని, రొయ్యల కర్మాగారములో పని ముగించుకొని వచ్చుచున్న స్త్రీలు పలువురు మరణించిరి. ఇట్టి వార్త విన్నప్పుడు అందరమును అయ్యో అందుము. అటుపిమ్మట వచ్చు ప్రశ్న ఒకటి కలదు: చనిపోయిన మనిషి సంపాదన ఎంత? ప్రశ్న కఠినమే. కాని నష్టపరిహారము నిర్ణయించు ట్రిబ్యునల్ మొదట అడుగునది అదియే.

లెక్క ఎట్లుండునో చూడుడు. 38 ఏండ్ల నేతగాడు నెలకు 10,000 రూపాయలు సంపాదించుచున్నాడనుకొందము. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతనిపై ఆధారపడియున్నారు. ఏడాదికి 1,20,000. అతని వయస్సు 40 లోపు గనుక, 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారము, మునుముందు పెరుగదగిన ఆదాయము క్రింద 40 శాతము కలుపగా 1,68,000. తన సొంత ఖర్చు క్రింద నాలుగవ వంతు తీసివేయగా 1,26,000. 2009 నాటి తీర్పు ఆ వయస్సుకు నిర్ణయించిన గుణకము 15. వెరసి 18,90,000 రూపాయలు. అంత్యక్రియలు మొదలగువాని మొత్తములు వేరు. సంపాదనకు రుజువు లేక, ట్రిబ్యునల్ నెలకు 5,000 అని అంచనా కట్టెనా, అదే కుటుంబమునకు వచ్చునది 9,45,000 మాత్రమే.

మగవాని సంగతియే ఇట్లుండగా ఆడవారి మాటేమి? కండెలు చుట్టునది ఆమె, ఆసు పోయునది ఆమె, పడుగుకు గంజి పట్టునప్పుడు రెండవ కొస పట్టునది ఆమె. చాల ఇండ్లలో మగ్గముపైనను కూర్చుండును. కాని చాల సంఘములలో కూలి అంతయు ఇంటి యజమాని పేరనే పడును. ఆమె రోడ్డుమీద మరణించినచో కాగితముపై ఆమె సంపాదన సున్న. ఇంటి ఇల్లాలి చాకిరికి విలువ కట్టవలెనని సుప్రీంకోర్టు 2010లోను, 2021లోను చెప్పినది. అది ఇంటిపనికి. నేతపనిలో ఆమె పాలును రుజువు చేయవలసినది మనమే.

పేర్లు విడదీసి వ్రాసిన మాత్రాన కూలి పెరుగునా, గుమాస్తాకు పని పెరుగును గాని, అని కొందరందురు. బ్రతికియుండగా చావు లెక్కలేల, అశుభమని మరికొందరందురు. జీవిత బీమా కట్టునప్పుడు ఎవరును అశుభమనుకొనరు గదా! ఉన్నదానికి మించి వ్రాయుడని నేననుటలేదు. దొంగలెక్క కోర్టులో నిలువదు. చేసిన పని చేసినవారి పేర వ్రాయుడు, కూలిని వారి బ్యాంకు ఖాతాలోనే వేయుడు. ఇంతియే నా మనవి.

మరి రెండు సంగతులు సభ్యులు మరువరాదు. 1-4-2022 నుండి అమలులోనున్న చట్టసవరణ ప్రకారము, తప్పు ఎవరిదని రుజువు చేయకయే మృతుని కుటుంబమునకు 5 లక్షల రూపాయలు లభించును. కాని బీమా కంపెనీతో ఒప్పుదల చేసికొని ఆ మొత్తము పుచ్చుకొన్నచో ట్రిబ్యునల్‌లో వేసిన దావా రద్దగును. దుఃఖములోనున్న ఇంటికి 5 లక్షలు కొండంతగా కనబడును. పైలెక్క వేసి చూచుకొన్న పిమ్మటనే సంతకము పెట్టవలెను. రెండవది గడువు. అర్జీ ఆరు నెలలలోగా వేయవలెనని అదే సవరణ చెప్పుచున్నది.

ప్రమాదము ఆంధ్ర రాష్ట్రములో జరిగినది, మన ఇల్లు పుదుచ్చేరి పరిధిలోనున్నది, ఎక్కడ వేయుదుమని తికమక పడనక్కరలేదు. ప్రమాదము జరిగిన చోటగాని, అర్జీదారు నివసించుచోటగాని, వ్యాపారము చేయుచోటగాని అధికారముగల ట్రిబ్యునల్‌లో వేయవచ్చును. ఎంచుకొను హక్కు అర్జీదారుదే.

పోయిన ప్రాణమునకు వెల లేదు. కాని మిగిలినవారికి అన్నము కావలెను, పిల్లలకు చదువు కావలెను. అది సంఘము పుస్తకములోని ఒక్క గడిపై ఆధారపడియున్నప్పుడు, ఆ గడిని ఖాళీగా విడుచుట న్యాయము కాదు. ప్రతి సంఘమును రాబోవు సర్వసభ్య సమావేశములో ఈ విషయము తీర్మానించవలెనని కోరుచున్నాను. సోదరీమణులు కూలి పంచునాడు తమ పేరు పుస్తకములో పడినదా లేదా అని స్వయముగా అడిగి చూచుకొనవలెను.