ఇటాలియన్ ఆత్మార్థక క్రియలు – మన ‘కొను’

తెలుగును ‘ప్రాచ్య ఇటాలియన్’ అని ప్రశంసించుట పరిపాటి. ఆ ప్రశంస అజంతతను గూర్చినది మాత్రమే. ఇటాలియన్ నేర్వగోరు తెలుగువారికి అంతకన్న అక్కరకు వచ్చే సామ్యం క్రియారచనలో ఉన్నది.

‘మి లావో లె మాని’ అనే వాక్యాన్ని ఆంగ్లం మీదుగా నేర్చేవారు ‘మి’ ఎందుకు వచ్చెనో, ‘నా’ ఎందుకు రాలేదో తెలియక తికమకపడతారు. ‘చేతులు కడుక్కుంటాను’ అన్నచో చిక్కు వీడుతుంది. ఇక్కడి ‘మి’ ‘నన్ను’ కాదు, ‘నాకు’. దాని పని మన ‘కొను’ చేస్తున్నది. చేతులెవరివో క్రియయే సూచించుటచేత ‘నా’ రెండు భాషలలోను అనవసరం. ‘స్వెల్యార్సి’కి ‘మేలుకొను’ చక్కగా అమరుతుంది. ‘అల్త్సార్సి’కి మాత్రం మనకున్నది వట్టి ‘లేచు’. కనుక సామ్యాన్ని సాగదీయరాదు.

క్రియాఫలం కర్తకు చెందినచో ఆత్మనేపదమని పాణిని (1.3.72) విధించెను. యజమాని విషయమున ‘యజతే’, ఋత్విక్కు విషయమున ‘యజతి’. ఇంతటి అర్థభేదాన్ని మన తరగతులలో వట్టి రూపావళిగా వల్లె వేయించుట శోచనీయం. పరభాషతో పోల్చి చెప్పినచో ఆ సూత్రానికి ప్రాణం వస్తుంది.

షష్ఠ్యర్థక సర్వనామాలలో తెలుగు తోడురాదు. ‘సువో లీబ్రో’, ‘సువా కాజా’ అన్నప్పుడు లింగం పుస్తకానిది, ఇంటిది; సొంతదారు పురుషుడో స్త్రీయో తెలియదు. ‘అతని’, ‘ఆమె’ అని విడదీయు మనకిది వింత. కాని ‘తదీయో గ్రంథః’, ‘తదీయా శాలా’ అని చదివిన ప్రాచ్య కళాశాల విద్యార్థికి ఇందులో క్రొత్త ఏమున్నది?