తల్లిపాలు సరే, కూలితల్లికి సెలవేది?

ఆరు నెలల దాకా తల్లిపాలే ఇవ్వాలి. ఆ తర్వాత పాలిస్తూనే మెత్తటి పప్పన్నం, రాగిజావ, గుడ్డు అలవాటు చేయాలి. ఈ సలహాతో మాకు పేచీ లేదు. దాన్ని పాటించే వీలు ఎవరికుందన్నదే మా ప్రశ్న.

2017 సవరణ ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచింది. సరిగ్గా ఆరు నెలలు. కానీ అది కనీసం 10 మంది పనిచేసే సంస్థల ఉద్యోగులకే. పత్తి ఏరే, నాట్లు వేసే దళిత తల్లికి అందులో చోటు లేదు. ఆమెకున్నది ప్రధానమంత్రి మాతృ వందన యోజన: మొదటి కాన్పుకు 5,000 రూపాయలు. రెండో కాన్పుకు ఆడపిల్ల పుడితేనే సాయం. 5,000ను ఆరు నెలలకు పంచితే రోజుకు 30 రూపాయలు కూడా రావు.

అందుకే బాలింత నెలల పిల్లను అవ్వ దగ్గర వదిలి కూలికి పోతుంది. బిడ్డకు డబ్బాపాలు పడతారు. డబ్బా నాలుగు రోజులు ఎక్కువ రావాలని పొడి తగ్గించి నీళ్లు పెంచుతారు. ఇది అజ్ఞానం కాదు, కూలి లెక్క. 1992 చట్టం డబ్బాపాల ప్రకటనలను నిషేధించింది. మంచిదే. కానీ ప్రకటన ఆగినంత మాత్రాన తల్లి ఇంటి దగ్గర ఉండలేదు.

తెలంగాణలో ఏడో నెల నుంచి అంగన్‌వాడీ బాలామృతం ఇస్తుంది. అయితే పొడి ఉంటే చాలదు, రోజుకు రెండు మూడు సార్లు కలిపి ఓపిగ్గా తినిపించే మనిషి కావాలి. దేశంలో 6-23 నెలల పిల్లల్లో తగిన ఆహారం అందుతున్నది 11.3 శాతానికేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) తేల్చింది.

ఎస్సీ, ఎస్టీ వాడల్లో అంగన్‌వాడీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించింది. ఇక మనం అడగాల్సినవి రెండు: కూలితల్లికి ఆరు నెలల కనీస వేతనం, వాడలోనే పనివేళలంతా నడిచే శిశు సంరక్షణ కేంద్రం.