కప్పు వచ్చిన ఊళ్లో జట్టు లేదు

2022 మార్చి 20, ఆదివారం రాత్రి. గోవాలోని ఫతోర్డా స్టేడియం. ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. గ్యాలరీల నిండా పసుపు రంగే. మైదానంలో పసుపు జెర్సీలు వేసుకున్నది హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటగాళ్లు. టీవీలో అప్పుడే చూసినవాళ్లెవరైనా హైదరాబాద్ జనమంతా గోవా వెళ్లిపోయారనుకుంటారు. కానీ ఆ గ్యాలరీల్లో ఉన్నది కేరళ జనం. వాళ్ల బ్లాస్టర్స్ రంగు కూడా పసుపే. లీగ్ పట్టికలో హైదరాబాద్ పైన ఉంది కాబట్టి ఆ రంగు వేసుకునే హక్కు మన జట్టుకు దక్కింది. కేరళ వేరే జెర్సీతో దిగింది. వేల గొంతులు అరుస్తున్నది మాత్రం కేరళ కోసమే.

68వ నిమిషంలో కేపీ రాహుల్ దూరం నుంచి కొట్టిన షాట్‌తో కేరళకు గోల్ వచ్చింది. ఇక అయిపోయిందనుకుంటుండగా 88వ నిమిషంలో, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా పెనాల్టీ బాక్సు బయట నుంచి బంతిని నేల తాకనివ్వకుండా తన్ని నెట్‌లో పడేశాడు. అదనపు సమయంలో గోల్ రాలేదు. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. అందులో ఒకటి రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. నిషు కుమార్ కొట్టినదాన్ని ఆపితే, కీపర్ గీత దాటి ముందుకొచ్చాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు. కట్టిమణి దాన్నీ ఆపాడు. చివర్లో హాలిచరణ్ నర్జారీ బంతిని లోపలికి పంపాడు. 3-1. హైదరాబాద్ చాంపియన్.

కట్టిమణికి ఆ మైదానం కొత్త కాదు. 2015 డిసెంబరులో ఇదే ఫతోర్డాలో, ఇదే లీగ్ ఫైనల్లో అతను గోవా జట్టు గోల్‌కీపర్. 87వ నిమిషంలో గోవా 2-1 ఆధిక్యంలోకి వెళ్లింది. 90వ నిమిషంలో బంతి అతని చేతుల మీదుగా సొంత గోల్‌లోకే పోయింది. ఆ వెంటనే చెన్నయిన్ ఇంకోటి కొట్టి కప్పు ఎత్తుకుపోయింది. సొంత ఊరి జనం ముందు అలాంటి రాత్రి చూసినవాడు ఆరేళ్ల తర్వాత అదే గడ్డ మీద, అవే గోల్ పోస్టుల మధ్య నిలబడి ఇంకో ఊరికి కప్పు సంపాదించి పెట్టాడు. ఆ గెలుపు గుర్తొస్తే ఇప్పటికీ నా కళ్లు చెమరుస్తాయి.

షూటౌట్ అయ్యాక నేను హైదరాబాద్‌లోని మా ఇంటి బాల్కనీలోకి వచ్చాను. వీధంతా నిశ్శబ్దం. టపాసు లేదు, ఈల లేదు. కిందికి దిగితే వాచ్‌మన్ పలకరించాడు. ‘‘ఏంది సార్, మస్తు ఖుషీగున్నరు?’’ అన్నాడు. హైదరాబాద్ కప్పు గెలిచిందన్నాను. అతను కాసేపు ఆలోచించాడు. ‘‘ఐపీఎల్ ఇంకా షురూ గాలే గద సార్?’’ అన్నాడు. నిజమే, ఐపీఎల్ మొదలయ్యేందుకు ఇంకా ఆరు రోజులున్నాయి. అతని తప్పేం లేదు. గెలిచింది ఫుట్‌బాల్ అని అతనికి చెప్పినవాళ్లెవరు?

ఆ సీజన్ ఎలా నడిచిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2019లో పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. తొలి ఏడాది 18 మ్యాచ్‌లలో రెండే గెలిచి అట్టడుగున మిగిలింది. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్క్వెజ్ కోచ్‌గా వచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్ల మీద నమ్మకం పెట్టాడు. రెండో ఏడాదికి జట్టు అయిదో స్థానానికి ఎగబాకింది. మూడో ఏడాది, అంటే 2021-22లో, 20 మ్యాచ్‌లలో 11 గెలిచి 38 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. 43 పాయింట్లతో జంషెడ్‌పూర్ లీగ్ షీల్డు తీసుకుంది. బార్తలోమ్యూ ఓగ్‌బెచే వయసు అప్పటికి 37. పదిహేడేళ్లకే నైజీరియా తరఫున 2002 ప్రపంచ కప్ ఆడినవాడు. ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టి లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు. ఒడిశా మీద 6-1, ఈస్ట్ బెంగాల్ మీద 4-0. సెమీస్‌లో రెండు మ్యాచ్‌లు కలిపి ఏటీకే మోహన్ బగాన్ మీద 3-2.

ఇదంతా జరిగింది గోవాలోనే. కోవిడ్ వల్ల లీగ్ మొత్తాన్నీ అక్కడి మూడు స్టేడియాల్లో, బయో బబుల్‌లో నడిపారు. హోటల్, బస్సు, మైదానం, మళ్లీ హోటల్. హైదరాబాద్‌కు ‘సొంత మైదానం’ అని రాసిచ్చింది బాంబోలింలోని జీఎంసీ స్టేడియం. ఆ జీఎంసీ అంటే గోవా మెడికల్ కాలేజీ. మన గచ్చిబౌలి స్టేడియం పేరులోనూ జీఎంసీ ఉంది, అది లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసిన బాలయోగి ఇంటి పేరు, పేరు కలిపిన పొడి అక్షరాలు. ఒక జీఎంసీలో జట్టు ఆడింది, ఇంకో జీఎంసీలో గడ్డి పెరిగింది. ఫైనల్లో గోల్ కొట్టిన తవోరా గోవావాడు. పెనాల్టీలు ఆపిన కట్టిమణి గోవావాడు. గెలుపు బంతి తన్నిన నర్జారీ అస్సాంవాడు. వాళ్లందరికీ ఈ ఊరు రుణపడి ఉంది. కానీ ఒక మాట అడగకుండా ఉండలేను. ఆ కప్పులో మన ఊరి పేరు తప్ప మన ఊరిది ఇంకేముంది?

ఈ ప్రశ్న వేరే ఏ ఊరి గురించైనా అయితే ఇంత బాధ ఉండేది కాదు. ఇది సయ్యద్ అబ్దుల్ రహీం ఊరు. ఆయన తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచింది. 1950లో డ్యురాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. రహీం కోచ్‌గా ఉండగానే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఒలింపిక్స్ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, ఇంకా ఎందరో ఇక్కడి మట్టిలో ఆడినవాళ్లే.

బలరాంది సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ. పేద ఇల్లు. ప్రాక్టీసుకు ఊళ్లోకి రావాలంటే అంత దూరం ఎలా అని తటపటాయిస్తుంటే, రహీం సాబ్ సైకిల్ అద్దెకు తనే డబ్బులిచ్చేవాడని బలరాం పెద్దయ్యాక చెప్పుకున్నాడు. సైకిల్ అద్దె! దేశం గర్వించే ఫార్వర్డును తయారు చేయడానికి ఈ ఊరు పెట్టిన పెట్టుబడి అది. పిల్లవాడిని గుర్తుపట్టే కన్ను, సాయంత్రం తెరిచి ఉండే మైదానం, రోజూ వచ్చే గురువు. ఈ మూడూ ఉన్నాయి కాబట్టి మిగతావన్నీ వచ్చాయి. రహీం 1963లో క్యాన్సర్‌తో కన్నుమూశాడు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు, 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో తుది శ్వాస విడిచాడు. ఆయన పేరు చెబితే కోల్‌కతాలో లేచి నిలబడతారు. అమ్ముగూడ పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

ఇక కప్పు గెలిచిన జట్టు కథ. 2022-23లో గచ్చిబౌలికి తిరిగొచ్చింది, మళ్లీ రెండో స్థానంలో నిలిచింది. ఆ ఏడాది నేను కొన్ని మ్యాచ్‌లకు వెళ్లాను. నా ముందు వరుసలో ఒక తండ్రి, ఏడెనిమిదేళ్ల కూతురు కూర్చునేవాళ్లు. ఆ పిల్లకు ఆఫ్‌సైడ్ అర్థమయ్యేది కాదు. ప్రతిసారీ అడిగేది, ప్రతిసారీ తండ్రి చిప్స్ ప్యాకెట్‌ను డిఫెండర్‌గా, నీళ్ల సీసా మూతను బంతిగా పెట్టి మెట్ల మీద చూపించేవాడు. నేను చూసిన చివరి మ్యాచ్‌లో జెండా లేవకముందే ఆ పిల్లే ‘‘ఆఫ్‌సైడ్!’’ అని అరిచింది. అభిమానం పుట్టేది అలాగే. మూడు నాలుగేళ్లు అలా సాగితే ఒక తరం తయారయ్యేది.

అంత సమయం ఇవ్వలేదు. మనోలో గోవాకు వెళ్లిపోయాడు. ఆటగాళ్లకు జీతాల బకాయిలు పేరుకున్నాయి, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది, విదేశీ ఆటగాళ్లు ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, చిట్టచివరి స్థానం. కుర్రాళ్లు మాత్రం ప్రతి వారం పసుపు జెర్సీ వేసుకుని, ఓడిపోతామని తెలిసీ తొంభై నిమిషాలూ పరిగెత్తారు. వాళ్లకు నా నమస్కారం. తర్వాత యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణె నుంచి వచ్చింది, ఢిల్లీకి పోయింది. మధ్యలో ఆరేళ్లు మన దగ్గర అద్దెకున్నట్టు.

వ్యాపారంలో నష్టం వస్తే యజమానులు వెళ్లిపోతారు. అందుకు ఒక్క సంస్థను తిట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. లోపం లీగ్ నిర్మాణంలోనే ఉంది. 2023-24 సీజన్‌నే చూడండి. పై లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ అందరికంటే కింద. అయినా కింది లీగ్‌కు దిగే నియమమే అప్పుడు లేదు కాబట్టి దాని చోటు దానికే మిగిలింది. అదే ఏడాది కింది లీగ్‌లో, అంటే ఐ-లీగ్‌లో, మన ఊరిదే ఇంకో జట్టు శ్రీనిధి డెక్కన్ రెండో స్థానంలో నిలిచింది. అంతకు ముందు ఏడాదీ రెండో స్థానమే. పైకి వెళ్లే దారి ఒక్కరికే తెరిచారు. మొదటిసారి పంజాబ్, రెండోసారి మొహమ్మడన్ స్పోర్టింగ్ పైకెళ్లాయి. ఓడినవాడు దిగలేదు, గెలవడానికి అంగుళం దూరంలో ఉన్నవాడు ఎక్కలేదు. మెట్లు లేని మేడ లాంటి లీగ్ అది. పై అంతస్తులో చోటు ఆటతో కాకుండా డబ్బుతో వచ్చినప్పుడు, డబ్బు అయిపోయిన రోజున ఊరికి ఏమీ మిగలదు.

మిగలాలంటే కింద నుంచి కట్టాలి. నిజామాబాద్ జిల్లాలో ఒక తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య దేశంలో అగ్రశ్రేణి మహిళా ఫుట్‌బాలర్. 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడింది. అప్పుడు బలరాం, ఇప్పుడు సౌమ్య. ఇద్దరి మధ్య దాదాపు డెబ్బై ఏళ్లు. ఇద్దరూ ఈస్ట్ బెంగాల్ ఎరుపు-పసుపు జెర్సీ కోసం కోల్‌కతా రైలెక్కాల్సి వచ్చింది. ఈ నేల ఆటగాళ్లను కనడం మానలేదు. పెంచుకోవడం మనం మానేశాం.

మొన్న ఒక సాయంత్రం బార్కస్ వైపు వెళ్లాను. పాత బస్తీలో ఫుట్‌బాల్ ఇంకా ఊపిరి పీలుస్తున్న చోటు అది. దుమ్ములో పాతికమంది పిల్లలు ఆడుతున్నారు. ఒకడి ఒంటి మీద వెలిసిపోయిన పసుపు జెర్సీ, వీపు మీద నంబరు సగం ఊడిపోయింది. వాళ్ల అన్నయ్యదట. వాడి పక్కన ఇంకొకడు ఉత్త కాళ్లతో గోల్ కాస్తున్నాడు. టర్ఫ్ మీద ఎప్పుడైనా ఆడారా అని అడిగాను. ‘‘గంటకు వెయ్యి పైనే అంకుల్, ఎవరిస్తారు?’’ అన్నాడు జెర్సీ కుర్రాడు. ఊళ్లో ఎటు చూసినా వలలు కట్టిన టర్ఫ్‌లే, రాత్రి పన్నెండింటిదాకా లైట్లే. ఆడే కాళ్లు ఒకచోట ఉన్నాయి, గడ్డి ఇంకోచోట ఉంది. బలరాం కాలంలో సైకిల్ అద్దె ఎలాంటిదో ఈ పిల్లలకు టర్ఫ్ అద్దె అలాంటిది.

అందుకే నేను అడిగేవి చిన్నవే. ప్రభుత్వ బడుల మైదానాలు సాయంత్రం తెరవండి, ఒక్కో చోట ఒక్కో కోచ్‌కు నెల నెలా జీతం ఇవ్వండి. నగర లీగ్‌ను ఏటా ఒకే తేదీల్లో నడిపి, మ్యాచ్ ఎప్పుడో, ఎక్కడో ముందుగా ప్రకటించండి. 2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ ఫైనల్‌ను గచ్చిబౌలిలో నిర్వహించగలిగిన వ్యవస్థకు ఇది చేతకాని పని కాదు. అఖిల భారత సమాఖ్య ప్రతి సీజన్లో కిందికి దిగడం, పైకి ఎక్కడం నిక్కచ్చిగా అమలు చేయాలి. మనం కూడా టికెట్ కొని వెళ్లాలి. కింది లీగ్ అయినా సరే, మన జట్టు మనదే.

చీకటి పడుతుంటే బార్కస్ పిల్లలు ఆట ఆపారు. పసుపు జెర్సీ కుర్రాడిని, ఆ జట్టు ఇప్పుడు ఎక్కడుందో తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు. ఢిల్లీకి పోయింది అంకుల్ అన్నాడు. మరి ఇది ఎందుకేసుకున్నావన్నాను. వాడు ఛాతీ మీద బట్ట ముందుకు లాగి చూపించాడు. చిహ్నంలో సగం చెరిగిపోయినా, హైదరాబాద్ అన్న అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి.